రక్తపింజరి పాము అడవిలో ఉంటుందా, పొలాల్లోనా?

ఎక్కువగా పొలాల్లోనే. దట్టమైన అడవి దీనికి నచ్చదు. గడ్డి బీళ్లు, తుప్పలు, చెదల పుట్టలు, రాళ్ల సందులు, ఎండుటాకుల కుప్పలు దీని చోట్లు. మన వరి, చెరకు చేలలో ఎలుకలు పుష్కలం కాబట్టి అక్కడ మకాం వేస్తుంది. భారత్‌తో పాటు శ్రీలంక, పాకిస్థాన్, బంగ్లాదేశ్, నేపాల్‌లోనూ ఉంది.

ఇంగ్లీషులో దీన్ని రసెల్స్ వైపర్ అంటారు. ఆ ప్యాట్రిక్ రసెల్ ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడే. 1796లో అచ్చయిన తన పాముల పుస్తకంలో దీనికి 'కాటుక రేకుల పొడ' అనే తెలుగు పేరే రాసుకున్నాడు. ఒంటిమీద గొలుసులా సాగే నల్లంచు మచ్చలు చూస్తే ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది.

ఆ మచ్చల వల్లే కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకునేవాళ్లున్నారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మామూలుగా బద్ధకంగా చుట్ట చుట్టుకుని పడుంటుంది. రెచ్చగొడితే కుక్కర్ విజిల్‌లా గట్టిగా బుసకొట్టి, రెప్పపాటులో కాటేస్తుంది. గుడ్లు పెట్టదు, ఒక్క ఈతకు 20 నుంచి 40 పిల్లల్ని కంటుంది.

విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది, కిడ్నీలు పాడవుతాయి. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన దేశంలో దొరికే యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) దీనికీ పనిచేస్తుంది. రాత్రిపూట నీళ్లు పెట్టడానికి చేనుకి వెళ్తే బూట్లు, టార్చిలైటు తప్పనిసరి.