ఆటలో తుమ్మితే అది జలుబేనా?

ప్రశ్న: మాది రాజమండ్రి. రెండేళ్ల క్రితం వానలో తడుస్తూ మా గేటు దగ్గర నిలబడ్డ నాటు కుక్కపిల్లని లోపలికి తెచ్చుకున్నాం, పేరు సీను. ఎదురింటి వాళ్ల లాబ్రడార్‌తో రోజూ సాయంత్రం డాబా మీద ఆడతాడు. ఆట మొదలైన రెండు నిమిషాలకే ఒకదాని మీద ఒకటి నాలుగైదు తుమ్ములు. ఆట ఆగితే తుమ్ములూ ఆగిపోతాయి. ముక్కు కారడం లేదు, తిండి బానే తింటున్నాడు. వాకింగ్‌కి గొలుసు తీసినా తుమ్ముతాడు, అప్పుడు మా అత్తగారు "తుమ్మాడు కదా, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లండి" అంటారు. ఇది జలుబా, ఎలర్జీయా? డాక్టరుకి చూపించాలా?

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. ఆట ఆగితే తుమ్ము ఆగుతోందన్నారు. జలుబుకి అంత టైమింగ్ ఎక్కడిది? అదైతే పడుకున్నప్పుడూ వస్తుంది, తింటున్నప్పుడూ వస్తుంది.

ఈసారి కాస్త దగ్గరగా చూడండి. దుమ్ము పోయినప్పుడు వచ్చే అసలు తుమ్ము రొమ్ములోంచి గట్టిగా వస్తుంది, ఒళ్లంతా కుదుపుతుంది, తర్వాత కుక్క ముక్కు నాక్కుంటుంది. ఆటలో వచ్చేది అలా ఉండదు, తల ఒకసారి విదిలించి ముక్కుతో 'ఫుస్' అంటుంది, అంతే, మళ్లీ పరుగు. కుక్కల ప్రవర్తన తెలిసినవాళ్లు దీన్ని మాట కిందే లెక్కేస్తారు. కుక్కల ఆట నిజానికి ఉత్తుత్తి కొట్లాట కదా, మెడ పట్టుకోవడం, పళ్లు చూపించడం, కింద పడేసి మీదెక్కడం, అన్నీ కొట్లాటలో ఉండేవే. అవతలివాడు నిజమనుకుంటే కరుస్తాడు. అందుకే మధ్యమధ్యలో "నేను ఊరికే ఆడుతున్నా" అని చెబుతూ ఉండాలి. ముందుకాళ్లు నేలకి ఆనించి వెనక భాగం పైకెత్తి వంగుతాయి చూడండి, దాని అర్థం అదే, తుమ్ముదీ దాదాపు అదే అర్థం. ఆట మరీ మొరటుగా మారుతున్నప్పుడు తుమ్ములు ఎక్కువవుతున్నాయేమో గమనించండి. ఇంకో కారణం కూడా చెబుతారు: ఆటలో గుర్రుమంటూ పెదవి పైకి లాగితే ముక్కు మీద చర్మం ముడతలు పడి లోపల చక్కిలిగింత పుడుతుందని. రెండూ కలిసి ఉండొచ్చు, నాకైతే మొదటిదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే మనతో ఆడేటప్పుడు, గొలుసు చూసి గెంతేటప్పుడు కూడా తుమ్ముతాయి, అప్పుడు పెదవి లాగే పనేమీ ఉండదు. పైగా తుమ్మినప్పుడల్లా మీరు నవ్వి పలకరిస్తే వాడు ఇంకో నాలుగు తుమ్ముతాడు.

అత్తగారి సంగతికొద్దాం. ఆఫ్రికాలో బోట్స్వానా దేశంలో ఒకవాంగో డెల్టా అని ఉంది, అక్కడి అడవి కుక్కల గుంపుల్ని చూసిన శాస్త్రవేత్తలు 2017లో ఒక తమాషా విషయం ప్రచురించారు. విశ్రాంతి తీసుకున్న గుంపు వేటకి లేవాలా వద్దా అన్నది తుమ్ముల్ని బట్టి ఉంటుందట, ఎన్ని ఎక్కువ తుమ్ములు వినిపిస్తే గుంపు కదిలే అవకాశం అంత ఎక్కువ. గుంపులో పెద్ద జంట పూనుకుంటే మూడు తుమ్ములు చాలు, చిన్నవాళ్లు పూనుకుంటే పది దాకా కావాలి. (పెద్దరికం అక్కడా ఉంది!) అవి మన కుక్కల జాతి కావు, దూరపు చుట్టాలు, కాబట్టి వాటి లెక్క సీనుకి అంటగట్టలేం. కానీ గొలుసు చూసి సీను తుమ్మితే మాత్రం అది "పదండి పదండి" అనే. అత్తగారికి అది "ఆగండి" అని వినిపిస్తోంది. మంచినీళ్లు తాగితే నష్టమేం లేదు, తాగే వెళ్లండి.

ఒక్క జాగ్రత్త, తల విదిలించేటప్పుడు కొన్ని కుక్కలు ముక్కుని నేలకి కొట్టుకుంటాయి. డాబా గచ్చు మీద కంటే మట్టిలోనో గడ్డిలోనో ఆడించడం నయం.

డాక్టరుకి ఎప్పుడు చూపించాలంటే, ఆటతో పని లేకుండా తుమ్ములు ఆగకపోతే, ఒక పక్క ముక్కులోంచే చీమిడి కారుతుంటే, మొహాన్ని ముందుకాలితో రుద్దుకుంటుంటే. గడ్డి ముల్లు లోపలికి పోయి ఉండొచ్చు, పైకోర పంటి మొదట్లో చీము పట్టినా ఇలాగే ఉంటుంది. ముక్కులోంచి రక్తం వస్తే ఆ రోజే వెళ్లండి, మన దగ్గర గోమార్ల వల్ల వచ్చే జ్వరంలో అది మామూలుగా కనబడే లక్షణం. ఇవేవీ లేకుండా ఇంట్లో ఉన్నప్పుడే తుమ్ముతుంటే దోమల కాయిల్, సాంబ్రాణి, ఫినాయిల్, మిరపకాయల పోపు, వీటిని ముందు అనుమానించండి.

ప్రశ్న: మా పగ్ ఆడి అలిసిపోయాక మెడ చాచి, గాలి లోపలికి గుర్రు గుర్రుమని లాక్కుంటుంది. ఊపిరాడడం లేదేమోనని భయమేస్తోంది. ఇదీ తుమ్మేనా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తుమ్ముకి తలకిందుల వ్యవహారం ఇది, పేరే రివర్స్ స్నీజింగ్. గాలి బయటికి పోయే బదులు ముక్కులోంచి లోపలికి గట్టిగా లాగబడుతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్లో ఎక్కువ. చాలాసార్లు నిమిషం లోపే ఆగిపోతుంది. మీరు కంగారుపడి అరవకుండా గొంతు మీద మెల్లగా నిమరండి. కాలర్‌కి గొలుసు కట్టి లాగుతుంటే మానేసి హార్నెస్ (మెడకి కాకుండా ఛాతీకి తొడిగే పట్టీ) వాడండి. నాలుక నీలంగా మారినా, పడిపోయినా అది వేరే సంగతి, ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి. తరచుగా వస్తుంటే ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే డాక్టరు ముందు కూర్చోబెట్టేసరికి అది బుద్ధిమంతురాలైపోతుంది.