ఆర్వీలో 8 పరికరాలు, వైఫై మాత్రం రెండింటికే

ప్రశ్న: వేసవి సెలవుల్లో ఆర్వీ (ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని కొలరాడో వెళ్తున్నాం. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య, మామయ్య కూడా వస్తున్నారు. రోజూ మా ఆడపడుచుతో వీడియో కాల్ మాట్లాడందే వాళ్లకు తోచదు. మేం దిగే క్యాంప్‌గ్రౌండ్‌లో వైఫై ఒక్కో సైటుకి 2 పరికరాలకే ఇస్తారట. మాకేమో ఫోన్లు, ట్యాబ్, లాప్‌టాప్, టీవీ స్టిక్ కలిపి 8 ఉన్నాయి. ఇంట్లో రూటర్ పట్టుకెళ్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఇంటి రూటర్లు చాలావాటికి ఇంటర్నెట్ కేబుల్‌లోనే రావాలమ్మా. మీకు కావలసింది క్యాంప్‌గ్రౌండ్ వైఫైని అందుకుని, దాన్ని తన సొంత పేరుతో మళ్లీ వైఫైగా ఇచ్చే ట్రావెల్ రూటర్. జీఎల్ ఐనెట్, టీపీ లింక్ వాళ్లవి అరచేతిలో పట్టేంత చిన్నవి దొరుకుతాయి. చాలావరకు ఫోన్ ఛార్జర్‌తోనే నడుస్తాయి. పని ఒకేలా అనిపిస్తుందని రేంజ్ ఎక్స్‌టెండర్ మాత్రం కొనకండి. అది సిగ్నల్‌ని దూరం పంపుతుందేగానీ, మామూలుగా ఏ పరికరానికాపరికరం విడిగా లాగిన్ అవ్వాల్సిందే. ట్రావెల్ రూటర్ వెనక ఎన్ని ఉన్నా క్యాంప్‌గ్రౌండ్ వాళ్లకు కనిపించేది ఒక్క పరికరమే.

ముందు ఆఫీసులో ఒక మాట అడగండి. ఆ పరిమితి పెట్టింది పక్క సైటు వాళ్లకూ నెట్ అందాలని. రూటర్ వద్దంటే మానేయండి, అదనపు పరికరానికి రుసుము ఉంటే కట్టండి. ఈ విషయంలో నేను రాజీ పడను.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. ట్రావెల్ రూటర్‌కి మీ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డే పెట్టండి. అప్పుడు టీవీ స్టిక్‌తో సహా అన్నీ వాటంతటవే కలుస్తాయి, పెద్దవాళ్ల ఫోన్లు ముట్టుకోనక్కర్లేదు. ఇంటి రూటర్ ఆపి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి దీన్ని కలిపి ఒకసారి చూసుకోండి.

అక్కడికి వెళ్లాక రూటర్‌ని క్యాంప్‌గ్రౌండ్ వైఫైకి కలిపి, రూటర్‌కి కలిసిన ఏదో ఒక ఫోన్‌లో లాగిన్ పేజీ నింపితే అన్నింటికీ దారి తెరుచుకుంటుంది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, పేజీ రాదు. ఫోన్ సెట్టింగుల్లో వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్ అన్నవి ఉంటే ఆపేయండి. రూటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ రీబైండింగ్ రక్షణ అన్నది ఉంటే అదీ కాసేపు తీసేయండి. అప్పటికీ రాకపోతే ఫోన్‌ని నేరుగా క్యాంప్‌గ్రౌండ్ వైఫైకి కలిపి లాగిన్ అవ్వండి. ఆ నెట్‌వర్క్ వివరాల్లో ఫోన్ చూపించే మ్యాక్ అడ్రస్‌ని (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్య) రూటర్‌లో మ్యాక్ క్లోన్ దగ్గర ఎక్కించి, ఫోన్‌ని క్యాంప్‌గ్రౌండ్ వైఫై నుంచి తప్పించండి.

ఆర్వీ గోడల్లో లోహపు రేకు ఉంటే సిగ్నల్ లోపలికి సరిగా రాదు. రూటర్‌ని వైఫై స్తంభం వైపున్న కిటికీలో పెట్టండి. దూరం నుంచి సిగ్నల్ అందుకోవడానికి 2.4 గిగాహెర్ట్జ్, లోపల మీ పరికరాలకి 5 గిగాహెర్ట్జ్ వాడండి. రెండింటికీ ఒకే బ్యాండ్ వాడితే వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

వచ్చే వేగాన్ని మాత్రం ఏ రూటరూ పెంచలేదు. సాయంత్రం అందరూ సినిమాలు పెట్టుకునే వేళకి నెట్ నత్తనడకే. పిల్లల కార్టూన్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బ్యాంకు పనులకి మొబైల్ డేటా వాడండి. రూటర్ పాస్‌వర్డ్ కాపాడేది ఆర్వీ లోపలి వైఫైనే, అక్కడి నుంచి స్తంభం దాకా కాదు. మీ అత్తయ్యగారి కాల్ పొద్దున 8 గంటలకు పెట్టుకోండి. అప్పుడు గుంటూరులో సాయంత్రం ఏడున్నర, మీ ఆడపడుచుకీ వీలవుతుంది, నెట్ మీద రద్దీ కూడా తక్కువ.