ముందు స్కేలు తీసుకో

హనుమకొండ

అమ్మా,

నీ వ్యాసం అందింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ గురించి చెప్పాలని పూనుకున్నావు, సంతోషం. కానీ మూడో పేజీకి వచ్చేసరికి నాకు కోపం ఆగలేదు. "గర్భం రాని నెలలో గర్భాశయం కార్చే కన్నీరే ఋతుస్రావం" అని రాశావు. పన్నెండేళ్ల పిల్లకు గర్భం రాలేదని ఆమె శరీరం ఎందుకు ఏడవాలి? ఆ వయసులో రాకూడదనే కదా మనందరి తపన! ఆ వాక్యం కొట్టేయి. దాంతోపాటు సృష్టి, దేవాలయం, అమ్మతనం అంటూ సాగిన మొదటి పేరా కూడా తీసేయి. ఆ పిల్ల తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకుందామని పుస్తకం తెరిచింది. అమ్మతనం గురించి ఉపన్యాసం వినడానికి కాదు.

ఆ తర్వాత నాలుగో పేజీలో ఒక పిల్ల కనిపించింది. బతుకమ్మ పేర్చే రోజున నెలసరి వచ్చిందని తంగేడు పువ్వు ముట్టుకోనివ్వకపోతే అరుగు మీద కూర్చుని, మర్నాడు బడిలో నీ దగ్గరకు వచ్చి "నాకు లోపల ఏం పాడైంది టీచర్?" అని అడిగిన పిల్ల. అంత మంచి మాట చేతిలో ఉండగా దాన్ని నాలుగో పేజీలో, ఒక ఉపన్యాసం కింద పాతిపెట్టావు. అది మొదటి వాక్యం కావాలి. మిగతా వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబు కావాలి.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. ఇప్పుడా మాటలు వద్దు.

నేను ఎవరు రాసి పంపినా చెప్పేది ఒకటే. శరీరం గురించి పిల్లలకు రాసేటప్పుడు ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నవి ముందు చెప్పాలి. పేర్లు తర్వాత. నువ్వు పాఠ్యపుస్తకంలోని బొమ్మే ఎత్తి వేశావు. ముందు నుంచి గీసిన గర్భాశయం, రెండు పక్కలా చాచిన నాళాలు, చివర అండాశయాలు. చుట్టూ ఒళ్లు లేదు. గాలిలో వేలాడే ఆ బొమ్మను చూసి ఏ పిల్లా తన కడుపు మీద సరైన చోట వేలు పెట్టి చూపించలేదు. నేను తరగతిలో అడిగి చూశాను, చాలామంది బొడ్డు మీద చెయ్యి పెట్టారు.

పక్క నుంచి గియ్యి. ముందు మూత్రాశయం, వెనుక పురీషనాళం, నడుమ గర్భాశయం. చాలామందిలో అది ముందుకు వంగి మూత్రాశయం మీదికి ఒరిగి ఉంటుంది. కింద మూడు ద్వారాలు వేరువేరుగా కనిపించాలి: ముందు మూత్రద్వారం, మధ్యలో యోని, వెనుక మలద్వారం. మూత్రం, నెలసరి రక్తం ఒకే దారిన వస్తాయనుకునే పెద్దవాళ్లు నాకు ఎందరో తెలుసు. నీ రెండో పేజీ చదివినా అదే అర్థమవుతుంది, సరిచూసుకో.

తర్వాత పిల్లల జామెట్రీ బాక్సులోంచి పదిహేను సెంటీమీటర్ల స్కేలు తీయించు. ఎదిగిన స్త్రీ గర్భాశయం పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా సగం స్కేలు. పై భాగం వెడల్పు 5, మందం 2.5. నాళం ఒక్కొక్కటి 10 నుంచి 12. అండాశయం 3 నుంచి 4, బాదం గింజ ఆకారం. ఇక అండం 0.1 మిల్లీమీటరు. స్కేలు మీద పక్కపక్కనే ఉన్న రెండు సన్నగీతల నడుమ పది అండాలు వరసగా పడతాయి. ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా స్కేలు కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తారు. ఫాలోపియో అనే ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఆ నాళాలను 16వ శతాబ్దంలోనే వర్ణించాడు. కానీ క్షీరదాల అండాన్ని ఫాన్ బేయర్ అనే శాస్త్రజ్ఞుడు 1827లో కుక్క అండాశయంలో చూసేదాకా ఎవరికీ అది చిక్కలేదు. ఎందుకో పిల్లలే చెబుతారు, చేతిలో స్కేలుంది కదా.

నాళం అండాశయానికి అతుక్కుని ఉంటుందని రాశావు, తప్పు. విడుదలైన అండాన్ని నాళం చివరి వేళ్లలాంటి అంచులు లోపలికి తీసుకుంటాయి. అండాలు నెలనెలా కొత్తగా తయారవుతాయన్నదీ తప్పే. ఆడపిల్ల పుట్టేటప్పటికే పది నుంచి ఇరవై లక్షలు ఉంటాయి. యుక్తవయసుకు మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి దాదాపు నాలుగు వందలు. తన అండాలు తాను అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఏర్పడ్డాయని తెలిస్తే ఆ పిల్ల ముఖం ఎలా వెలుగుతుందో చూడు. నువ్వు వెతికిన అద్భుతం అక్కడుంది, దేవాలయంలో కాదు.

నెలసరి 28 రోజులకు, అండం విడుదల 14వ రోజున అని శాసనంలా చెక్కకు. నెలసరి మొదలైన తొలి ఏళ్లలో 21 నుంచి 45 రోజుల దాకా అటూ ఇటూ అవుతుంది. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు. లెక్క అటు నుంచి. "చెడు రక్తం" అన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా ఉండకూడదు. గర్భాశయం లోపలి పొర ఎండోమెట్రియం మందమవుతుంది, హార్మోన్లు తగ్గగానే ఊడి కొంత రక్తంతో బయటికి వస్తుంది. మొత్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు, రెండు మూడు టేబుల్ స్పూన్లు. పాడైంది ఏమీ లేదు. అరుగు మీది పిల్లకు ఇదే జవాబు.

ఇలా రాస్తే వేసుకోరని భయపడుతున్నావేమో. వేసుకోరు కూడా. నేను రాసే రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు నా వ్యాసంలో యోని అన్న చోటల్లా "ఆ భాగం" అని దిద్ది అచ్చు వేశాడు. మూత్రద్వారమూ "ఆ భాగమే". చదివిన పిల్లలకు ఏ భాగం ఏదో ఎలా తెలుస్తుంది? మరో ప్రచురణకర్త పక్క నుంచి గీసిన బొమ్మను తీసేసి గులాబీ బొమ్మ పెట్టాడు. ఇప్పటి పిల్లల పుస్తకాలవాళ్లు గర్భాశయానికి కళ్లూ నవ్వూ అతికిస్తున్నారు. అది కూడా దాచడమే. ఎవరు అడిగినా నీ బొమ్మ వదులుకోకు.

చివరికి నేనే ఆ వ్యాసాన్ని సైక్లోస్టైల్ కాపీలు తీయించి, హాస్టల్ పిల్లలకు పంచాను. ములుగు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి ఆ కాగితాలు పట్టుకుని వచ్చాడు. క్షమాపణ చెప్పి పంపించమని ప్రధానోపాధ్యాయుడు నాకు సైగ చేశాడు. నేను చెప్పలేదు. ఆయనకు చదవడం రాదు, ఎవరో చూసి బూతు అన్నారట. కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. విని, "మా బిడ్డ నెలనెలా కడుపు పట్టుకుని పడుకుంటది, అది ఎందుకు?" అన్నాడు. గర్భాశయం గోడ కండరమని, ఊడిన పొరను బయటికి తోయడానికి అది ముడుచుకుంటుందని, ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు ఆ ముడుచుకోవడాన్ని పెంచుతాయని, వేడి కాపడం హాయినిస్తుందని, నొప్పి బడి మాన్పించేంతగా ఉంటే డాక్టరుకు చూపించాలని చెప్పాను. నీ పది పేజీల్లో నొప్పి గురించి ఒక్క వాక్యం లేదమ్మా. చాలామంది పిల్లలకు ఈ వ్యవస్థ ఉందని మొదట చెప్పేది ఆ నొప్పే.

"అమ్మాయిలూ" అని పిలుస్తూ రాశావు, అదీ మార్చు. అబ్బాయిలు అదే గదిలో ఉన్నారు. వాళ్లూ స్కేలు పట్టుకోవాలి. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై క్రోమోజోమని వాళ్లు ఇప్పుడే చదివితే, రేపు ఆడపిల్లను కన్నదని భార్యను తిట్టరు.

పదిహేనేళ్లు నిండినా నెలసరి మొదలుకాకపోయినా, స్రావం ఏడు రోజులు దాటినా, గంటగంటకూ ప్యాడు తడిసిపోతున్నా డాక్టరు దగ్గరకు వెళ్లాలని పెద్ద అక్షరాల్లో వేయించు. అచ్చుకు ఇచ్చే ముందు మొత్తం ఒక ప్రసూతి వైద్యురాలికి చూపించు. తిరగరాసింది దసరా సెలవుల్లోపు పంపు, కొత్త బొమ్మతో సహా. బొమ్మ కింద కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి.

ఆశీస్సులతో,
నీ టీచరమ్మ