విదేశీ చదువు, ఇంటర్న్‌షిప్, వ్యక్తిత్వ వికాసం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను జర్మనీలో మాస్టర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. కోర్సులో భాగమైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్ మొదలై రెండు నెలలు దాటింది. చదువులో ఎప్పుడూ ముందుండే నేను ఇక్కడి మీటింగుల్లో నోరు విప్పలేకపోతున్నాను. నేను చేసి ఇచ్చిన పనిని సూపర్‌వైజర్ దాదాపు సగం మార్చేస్తున్నారు. విదేశానికి వెళితే ఆత్మవిశ్వాసం పెరుగుతుందని అందరూ చెప్పారు. నాకు మాత్రం ఉన్నది కూడా పోతున్నట్లుంది. లోపం నాలోనే ఉందా?
— ఒక విద్యార్థిని

జవాబు: మీరు రాసినదాంట్లో లోపం అనదగినది నాకేమీ కనిపించలేదు. ఇన్నాళ్లూ మీ ఆత్మవిశ్వాసం దేని మీద నిలబడిందో ఒక్కసారి ఆలోచించండి. పరీక్షలో ఏ పాఠాల నుంచి ప్రశ్నలు వస్తాయో మీకు ముందే తెలుసు, కొద్ది రోజుల్లోనే మార్కులు చేతికి వచ్చేవి, మీరు బాగా చదువుతారని చుట్టూ ఉన్నవారికి వేరే చెప్పనక్కర లేకపోయేది. ఇంటర్న్‌షిప్‌లో ఈ మూడూ ఒకేసారి దూరమవుతాయి. అసలు సమస్య ఏమిటో మీరే తేల్చుకోవాలి, పని ఎలా ఉందో వారాల తరబడి ఎవరూ చెప్పకపోవచ్చు, మీ పాత మార్కుల సంగతి అక్కడ ఎవరికీ పట్టదు. మీ సామర్థ్యం ఎక్కడికీ పోలేదు, దానికి అలవాటైన ఆసరాలు మాత్రమే పోయాయి. విదేశాల్లో చదువు వల్ల మనిషి ఎదుగుతాడంటే, ఆ ఆసరాలు లేకుండా పని చేయడం కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటాడనే నేను అర్థం చేసుకుంటాను. ఆ అలవాటు పడుతున్న రోజుల్లో అది ఎదుగుదలలా అనిపించదు, అవమానంలా అనిపిస్తుంది.

నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లీస్‌గార్డ్ 1955లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ ప్రస్తావించదగినది. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంతో అమెరికాలో ఉండి వచ్చిన తన దేశస్థులను ఆయన ప్రశ్నించగా, ఆరు నెలల లోపు ఉన్నవారూ, పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవారూ బాగానే కుదురుకున్నట్లు, ఆ నడిమి కాలం ఉన్నవారే ఎక్కువ ఇబ్బంది పడినట్లు తేలింది. ఈ క్రమం అందరికీ వర్తించదనీ, మొదటి వారాల్లోనే ఎక్కువగా నలిగిపోయేవారు ఉంటారనీ తరువాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు, ఆ అభ్యంతరం సమంజసమైనదే. అయినా, వెళ్లిన ఏడాది తరువాత కూడా మనసు కుంగవచ్చుననీ, అంతమాత్రాన వెనక్కి పోతున్నట్లు కాదనీ గ్రహించడానికి అది మీకు ఉపయోగపడుతుంది.

ఇక సూపర్‌వైజర్ చేసే మార్పుల సంగతి. మీరు ఇచ్చిన ప్రతినీ, ఆయన మార్చిన ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని ఒక గంట ఓపికగా చదవండి. కొన్ని మార్పులు ఆ బృందం అలవాట్లకు సంబంధించినవై ఉంటాయి: ఫైళ్లకు పేర్లు పెట్టే తీరు, పట్టికలు అమర్చే తీరు వంటివి. వాటిని ఒకసారి రాసిపెట్టుకుంటే చాలు. కొన్ని మీకు ఎవరూ చెప్పని సమాచారం వల్ల వచ్చినవై ఉంటాయి. అసలు పొరపాట్లు బహుశా మీరు అనుకుంటున్నదానికంటే తక్కువే ఉంటాయి, శ్రద్ధ పెట్టవలసింది వాటి మీదే. జర్మన్ కార్యాలయాల్లో పనిలోని తప్పును ఉపోద్ఘాతం లేకుండా సూటిగా చెప్పడం మామూలే కనుక, మెత్తని మాటలు లేనంత మాత్రాన అది మీ మీద కోపమని అనుకోకండి.

మీటింగులో గొప్ప అభిప్రాయం చెప్పాలని ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ క్షణం ఎప్పటికీ రాదు. ముందురోజే ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని, మొదటి పది నిమిషాల్లోనే అడిగేయండి. ‘నాకు అర్థం కాలేదు’ అంటే వినేవారికి ఏం చెప్పాలో తెలియదు. దానికి బదులు, ‘డేటా దిగుమతి వరకు అంతా సరిపోయింది, తేదీలను రెండు పద్ధతుల్లో మార్చి చూశాను, అయినా చివరి పట్టికలో కొన్ని వరుసలు తగ్గుతున్నాయి, మూలం దగ్గరే వాటిని వడపోస్తున్నారా?’ అని అడిగి చూడండి. మీరు ఎంతవరకు వచ్చారో, ఏం ప్రయత్నించారో, ఎక్కడ ఆగారో అందులో ఉంది. అలా అడిగిన ఇంటర్న్‌ను తెలివితక్కువదని ఎవరూ అనుకోరు. వచ్చే నెలలో, అంటే మీ ఇంటర్న్‌షిప్ సగానికి వచ్చేసరికి, పనితీరు గురించి మాట్లాడేందుకు అరగంట సమయం ఇవ్వమని సూపర్‌వైజర్‌ను మీరే కోరండి. చివరిరోజున వినే విమర్శతో ఆ ఇంటర్న్‌షిప్‌లో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే దాన్ని వికాసంలో భాగమని ఓర్చుకోవద్దు. జర్మనీలో విద్యార్థుల సంక్షేమం చూసే స్టుడీరెండెన్‌వెర్క్ సంస్థల్లో చాలావాటికి మానసిక సలహా కేంద్రాలు ఉన్నాయి. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా మీరు విద్యార్థినే కాబట్టి నిస్సంకోచంగా వారిని సంప్రదించండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఎంఎస్ మొదటి సెమిస్టర్ చదువుతున్నాడు. వచ్చే వేసవిలో ఇంటర్న్‌షిప్ చేస్తానంటున్నాడు. సీపీటీ, ఓపీటీ అని ఏవేవో చెబుతున్నాడు. పొరపాటు జరిగితే అక్కడ ఉండే అర్హతకే ముప్పని విన్నాను. నేనే యూనివర్సిటీకి ఫోన్ చేసి కనుక్కోవడం మంచిదా?
— ఒక తండ్రి

జవాబు: మీ ఆందోళనలో న్యాయం ఉంది, కానీ ఫోన్ మాత్రం మీరు చేయవద్దు. అమెరికాలో 1974 నుంచి అమలులో ఉన్న ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీ విద్యార్థి రికార్డులపై హక్కులు విద్యార్థివే. అతని సమ్మతి లేకుండా వివరాలు తల్లిదండ్రులకు చెప్పడానికి యూనివర్సిటీలు సాధారణంగా అంగీకరించవు. అంతకంటే ముఖ్యంగా, తన అనుమతి పత్రాలను తానే చదివి, తానే వెళ్లి అడిగి తెలుసుకోవడం మీ అబ్బాయి అక్కడ నేర్చుకోవలసిన మొదటి విషయాల్లో ఒకటి.

మీ మనశ్శాంతి కోసం ముఖ్యమైన నిబంధనలు చెబుతాను. సీపీటీ అనేది చదువుతుండగా, కోర్సుకు అనుబంధంగా చేసే శిక్షణ. మొదటి నుంచే శిక్షణ తప్పనిసరిగా ఉండే కొన్ని పీజీ కోర్సులను మినహాయిస్తే, ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే దానికి అర్హత వస్తుంది. డీఎస్‌ఓ, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి, ఆ అనుమతిని ఐ-20లో, అంటే విద్యార్థి హోదాకు ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో, నమోదు చేస్తారు. అందులో ఉన్న సంస్థలోనే, అందులో ఉన్న తేదీల మధ్యే పని చేయాలి. కంపెనీ తొందరపెట్టిందని ఒక్కరోజు ముందు చేరినా అది అనుమతి లేని ఉద్యోగమే అవుతుంది. మీరు భయపడవలసిన చోటు ఇదే. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండితే, అదే స్థాయి డిగ్రీకి చదువు తరువాత లభించే 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసే అవకాశం, పోతుంది. ఒక్క వేసవి ఇంటర్న్‌షిప్‌తో ఆ పరిస్థితి రాదు. ఇవన్నీ మీ అబ్బాయికి తెలుసో లేదో అడగండి. తెలియకపోతే ఈ వారమే డీఎస్‌ఓను కలవమని చెప్పండి.

ప్రశ్న: ఏడాదిన్నర చదువు, అందులో భాగంగా ఇంటర్న్‌షిప్ ముగించుకుని తిరిగి వచ్చాను. మారిపోయావని ఇంట్లో అంటున్నారు. ఇంటర్వ్యూల్లో విదేశీ అనుభవం ఏం నేర్పిందని అడిగితే ‘స్వతంత్రంగా బతకడం’ అన్న మాట తప్ప మరేమీ నోటికి రావడం లేదు.
— ఒక పాఠకుడు

జవాబు: తిరిగి వచ్చాక కూడా కుదురుకోవడానికి సమయం పడుతుందని అమెరికా పరిశోధకులు జాన్, జీన్ గల్లాహార్న్ దంపతులు 1963లోనే రాశారు. ఇంట్లో వారికి కొంత వ్యవధి ఇవ్వండి, మీరూ తీసుకోండి.

ఇంటర్వ్యూ సమస్య వేరు. స్వతంత్రంగా బతకడం నేర్చుకున్నానని ప్రతి అభ్యర్థీ చెబుతాడు, అందులో నిజమున్నా ఎదుటివారికి అది గుర్తుండదు. మీరు స్వయంగా నిర్ణయం తీసుకోవలసి వచ్చిన ఒక్క సందర్భాన్ని ఎంచుకుని దాన్ని మాత్రమే చెప్పండి. ఉదాహరణకు, ఇంటర్న్‌షిప్ పనిలో మీరు చేసిన పరీక్షల ఫలితాలు సూపర్‌వైజర్ అంచనాకు విరుద్ధంగా వచ్చినప్పుడు వాటిని దాచకుండా ఎలా చూపించారు, ఆయన ఏమన్నారు, తరువాత పనిలో ఏం మారింది అన్నంత స్పష్టంగా అది ఉండాలి. గెలిచిన సందర్భమే కానక్కర లేదు. మీ మాట నెగ్గకపోయినా, అప్పుడు మీరు ఏం చేశారన్నది చెప్పుకోదగినదే. ఇప్పుడే కూర్చుని అలాంటివి మూడు నాలుగు రాసిపెట్టుకోండి, నెలలు గడిస్తే వివరాలు చెరిగిపోతాయి. ఇంటర్న్‌షిప్‌లో చేరినప్పుడు గోప్యత ఒప్పందంపై సంతకం చేసి ఉంటే, ఖాతాదారుల పేర్లు, లోపలి అంకెలు తీసేసి చెప్పండి. అలా ఎందుకు తీసేశారో ఇంటర్వ్యూలో ఒక్క వాక్యంలో వివరించినా మంచిదే.