ఒత్తిడిలో నీ స్వభావం ఎటు లాగుతుందో చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త బాధ్యతలో అప్పటికప్పుడు నిర్ణయం చెప్పాల్సి వస్తే చేతులు వణుకుతున్నాయని రాశావు. ‘నా స్వభావమే ఇంత, ఈ పనికి తగనేమో’ అన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను.

టెన్షన్ పెరిగినప్పుడు ఒక్కో స్వభావం ఒక్కోవైపు లాగుతుంది. కంగారుపడేవాళ్లకి ముప్పు అందరికంటే ముందే కనిపిస్తుంది. అయితే చూపంతా దాని మీదే బిగుసుకుపోయి, పక్కనున్న దారి కనబడదు. పద్ధతిగా ఉండేవాళ్లు పరిస్థితి మారిపోయినా పాత ప్లాన్‌నే పట్టుకుని ఉంటారు. దూకుడు మనుషులు సగం విని తేల్చేస్తారు.

నీ కంగారు గురించి నాకంత దిగుల్లేదు. నీ మొహమాటం గురించే ఉంది.

1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, రేడియోలో సరిగా అందని మాటలు, బయల్దేరాలన్న తొందర, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కానీ నన్ను వదలని విషయం ఒకటుంది. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని, టేకాఫ్‌కి పరుగెత్తుతున్న విమానం కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది. అడిగాడు కూడా. చేసిందని కెప్టెన్ గట్టిగా చెప్పేసరికి ఇక రెట్టించలేదు. తర్వాతి కాలంలో, పైవాళ్లని ఎలా ప్రశ్నించాలన్నది విమాన సిబ్బంది శిక్షణలో భాగమైంది. వాళ్ల స్వభావాలు మారతాయని కూర్చోలేదు, మాట పైకి తెచ్చే పద్ధతి నేర్పారు.

నువ్వూ నెమ్మదిగా ఉన్న పూట కాగితం తీసుకుని ‘ఇలా జరిగితే ఇది చేస్తాను’ అని రాసుకో. ‘ధైర్యంగా ఉంటాను’ అని రాస్తే ఆ క్షణంలో ఎందుకూ పనికిరాదు. ‘పెద్దాయన కాదన్నా నా అనుమానం తీరకపోతే, పని ఆపమని రెండోసారి అడుగుతాను’ అని రాయి. అనబోయే మాట కూడా రాసుకుని, పైకి చదివి అలవాటు చేసుకో. కంగారులో కొత్త మాటలు తట్టవు, అలవాటైనవే వస్తాయి.

మనసుకి తట్టినదాన్ని నమ్మొచ్చా అని అడిగావు. పదేపదే చేసి, ఫలితం వెంటనే చూసిన పనుల్లో నమ్ము. కొత్త పరిస్థితిలో అయితే, నీకు భిన్నమైన స్వభావం ఉన్న ఒకరిని ఒక్క మాట అడుగు. నిద్ర చాలని రోజు మరీ తప్పకుండా అడుగు.

ఇంకొకటి. నిర్ణయం తీసుకున్నాక, ఫలితం తెలియకముందే ఎందుకలా అనుకున్నావో రెండు వాక్యాలు రాసి పెట్టు. ఫలితం తెలిశాక అంతా ముందే తెలిసినట్టు అనిపిస్తుంది, అప్పుడు రాసింది నమ్మలేం. అలాంటివి కొన్ని పోగయ్యాక నాకు పంపు, కలిసి చూద్దాం.