పోపుల నాణేలలో బొమ్మకన్నా బొరుసే ఎక్కువ చెబుతుంది

మీరు రెండు విషయాలు అడిగారు: కాథలిక్ క్రైస్తవుల మతాధిపతులైన పోపుల పాత నాణేల సేకరణను ఎక్కడ మొదలుపెట్టాలి, వాటి మీది తాళంచెవులకూ కిరీటాలకూ లాటిన్ మాటలకూ అర్థమేమిటి అని. పన్నెండేళ్లుగా ఈ నాణేలను కొంటూ, చదువుతూ ఉన్నాను. పోపు ముఖం ఉన్న బొమ్మ వైపు దగ్గరే ఆగిపోకుండా, బొరుసు వైపు ఎక్కువసేపు చూడాలన్నది నేను తెలుసుకున్న మొదటి సంగతి.

1870లో రోమ్ నగరం ఇటలీ రాజ్యంలో కలిసేవరకు పోపు మధ్య ఇటలీలోని ఒక రాజ్యానికి రాజు కూడా. అందువల్ల ఆయన టంకశాలలు ముద్రించిన స్కూడో, పావొలో, బయోక్కోలు ప్రజలు బజారులో ఖర్చుపెట్టుకున్న సొమ్మే తప్ప గుడిలో ఇచ్చే జ్ఞాపికలు కావు. ఒక స్కూడోకు 10 పావొలోలు, 100 బయోక్కోలు. ఆ తరువాత దాదాపు 60 ఏళ్లపాటు ఆగిన ముద్రణ, 1929లో ఇటలీతో కుదిరిన లాటరన్ ఒప్పందంతో వాటికన్ నగర రాజ్యం ఏర్పడ్డాక మళ్లీ మొదలైంది.

ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవులు మత్తయి సువార్త 16వ అధ్యాయంలో, తొలి పోపుగా కాథలిక్కులు భావించే పేతురుకు యేసు ఇస్తానన్న పరలోకరాజ్యపు తాళపుచెవులు. వాటితోపాటు కనిపించే మూడంతస్తుల కిరీటం పోపు పదవిది. నాణెం మీద చెక్కిన డాలులోని గుర్తు మాత్రం ఆ పోపు వంశానిది. మూడు తేనెటీగలుంటే బార్బెరీని వంశపు ఎనిమిదవ ఉర్బన్. డ్రాగన్ ఒక్కటే ఉంటే 1582లో క్యాలెండర్‌ను సవరించిన పదమూడవ గ్రెగరీ. మూడు కుండలుంటే పన్నెండవ ఇన్నోసెంట్, ఎందుకంటే ఆయన ఇంటిపేరైన పిన్యాతెల్లిలోనే ఇటాలియన్‌లో కుండ అనే మాట ఉంది. ఇంటిపేరు చెబితే ఊరూ వంశమూ గుర్తుపట్టే మనవాళ్లకు ఈ డాళ్లు చదవడం త్వరగానే అలవాటవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి పదకొండవ ఇన్నోసెంట్ (1676–1689) నాణేలు. ఆయన టెస్టోనే అనే వెండి నాణెం బొరుసు మీద సాధువుల బొమ్మ గాని, చర్చి బొమ్మ గాని లేదు, మాటలు మాత్రమే ఉన్నాయి: 'మేలియుస్ ఎస్ట్ దారె క్వామ్ అచ్చిపెరె.' తెలుగు బైబిలులో అపొస్తలుల కార్యములు 20:35లో 'పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యము' అని చదివినవారు దీనిని వెంటనే పోల్చుకుంటారు. అయితే లాటిన్ బైబిలులో ఇక్కడ ఉన్నది 'ధన్యం' అనే అర్థమిచ్చే 'బెయాతియుస్'; నాణెం మీద అది 'మేలు' అనే అర్థమిచ్చే 'మేలియుస్' అయింది. ఈయన కోమో పట్టణంలో వడ్డీ వ్యాపారం, బ్యాంకు నడిపిన ఒడెస్కాల్కి కుటుంబంలో పుట్టినవాడు. డబ్బు లోగుట్టు తెలిసిన ఇంటి మనిషి, చేతులు మారే డబ్బు మీదనే 'ఇవ్వడం మేలు' అని చెక్కించడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఆ నాణేన్ని అరచేతిలో పెట్టుకున్న కూరలమ్ముకునే ఆవిడ దాన్ని చదవగలిగి ఉంటుందా అని చాలాసార్లు ఆలోచించాను.

మరో ముఖ్యమైన కోవ, ఒక పోపు మరణించి కొత్త పోపు ఎన్నికయ్యేలోపు వచ్చే 'సెదె వకాంతె' నాణేలది. వాటి మీద కిరీటానికి బదులు తాళంచెవుల పైన ఒక ఛత్రం ఉంటుంది. ఆ మధ్యకాలంలో వ్యవహారాలు చూసే కమెర్లెంగో అనే పదవిలోని కార్డినల్ (పోపు తరువాతి స్థాయి మతాధికారి) వంశచిహ్నం ఉంటుంది. చాలావాటిపై పరిశుద్ధాత్మకు గుర్తైన పావురం కూడా ఉంటుంది. 1939 నాటి 5, 10 లీరాల (అప్పటి వాటికన్ ద్రవ్యం) వెండి నాణేలపై ఉన్నది కార్డినల్ పచెల్లి చిహ్నం. ఆ మార్చి 2న పన్నెండవ పియస్‌గా ఎన్నికైనది ఆయనే.

ఇక కొనే సంగతి. తేదీతోపాటు 'అన్నో' పక్కనున్న రోమన్ అంకెను తప్పక చూడండి. అది పోపు పాలనా సంవత్సరం. తొమ్మిదవ పియస్ 1846 జూన్‌లో ఎన్నికయ్యాడు కాబట్టి, ఆయన నాణేలలో ఒకే క్రీస్తుశకపు ఏడాదికి రెండు వేర్వేరు పాలనా సంవత్సరాలు కనిపించవచ్చు. 'ఆర్' అనే అక్షరం రోమ్ టంకశాలది, 'బి' బొలోన్యా నగరపు టంకశాలది. అంచును భూతద్దంతో పరీక్షించండి. ఇటువంటి వెండి నాణేలను మెడలో పతకంగా వేసుకున్నవారు ఉన్నారు కాబట్టి, కొక్కెం తీసేసిన మచ్చ గాని, పూడ్చిన రంధ్రం గాని కనిపిస్తే ధర బాగా తగ్గాలి. రంధ్రమున్న నాణెం ఒకటి నేను ఇష్టపడే కొన్నాను. ఎవరో భక్తితో ధరించినదన్న ఆలోచన నాకు చాలు.

నాణేలను మాత్రం తోమకండి. మొదటి సంవత్సరంలో తొమ్మిదవ పియస్ నాటి రాగి బయోక్కోను, మా ఇంట్లో రాగిచెంబు తోమినట్టే, చింతపండుతో రుద్దాను. నూట యాభై ఏళ్లకు పైగా పట్టిన గోధుమరంగు పొర నిమిషంలో పోయి, లోహం వికారమైన గులాబీరంగులో బయటపడింది; ఆ పొర ఇక తిరిగి రాదు.

మొదటి కొనుగోలుకు 1951 నుంచి 1958 వరకు వచ్చిన వాటికన్ అల్యూమినియం నాణేలను సూచిస్తాను. 1, 2, 5, 10 లీరాలపై వరుసగా మితత్వం, ధైర్యం, న్యాయం, వివేకం స్త్రీ రూపంలో ఉంటాయి. ధర తక్కువ కాబట్టి, బొరుసును చదవడం వీటి మీదే నేర్చుకుని, ఆ తరువాత వెండికి వెళ్లండి.