తృప్తిగా ఉండాలా, ఎదగాలా? మా అత్తయ్య మంచం దగ్గర నేను చూసింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కలిగినవాటితో తృప్తిపడమని బైబిలు చెబుతుంది, గురి వైపు పరుగెత్తమనీ అదే చెబుతుంది. మరి ప్రమోషన్ కోసం ప్రయత్నిస్తే అది అసంతృప్తి కిందికి వస్తుందా? నా ప్రార్థన జీవితం ఏం బాగాలేదని బాధపడితే కృప మీద నమ్మకం లేనట్టా?

ఎవరినడిగినా "రెండూ బ్యాలెన్స్ చేసుకోవాలి" అంటారు. నాకు ఆ జవాబు అస్సలు నచ్చదు. ఇది కొంచెం, అది కొంచెం అని కొలిచి పెట్టుకునేవి కావివి. బైబిల్లో ఈ రెండింటి గురించీ రాసిన అపొస్తలుడు పౌలునే చూడండి, ఆయన తృప్తి పూర్తి తృప్తి, పరుగు పూర్తి పరుగు. అసలు చిక్కు ఎక్కడుందంటే, తృప్తిపడాల్సిన చోట మనం ఆరాటపడుతున్నాం, ఆరాటపడాల్సిన చోట హాయిగా కూర్చున్నాం. జీతం, ఇల్లు, పిల్లల ర్యాంకులు, పక్కవాళ్ళ స్థితి, వీటి దగ్గర మనకి నిద్ర పట్టదు. కోపం, నోటి దురుసు, అసూయ, క్షమించలేనితనం, వీటి దగ్గర మాత్రం "నా స్వభావమే అంతలే" అని సర్దుకుపోతాం. ఇది నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. మా అత్తయ్యను చూసి తెలుసుకున్నాను.

అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. మాట మిగిలింది, కాస్త ముద్దగా. అప్పటిదాకా సండేస్కూల్ పిల్లలకి వాక్యాలు కంఠతా పెట్టించిన మనిషి, స్త్రీల కూడికలు నడిపించిన మనిషి, ఇంట్లో ఒక్క క్షణం ఊరికే కూర్చోని మనిషి. అలాంటావిడకి పక్కమీద ఒత్తిగిల్లాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు "అంత సేవ చేశారే, మీకా ఈ గతి" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. "జీతం మాట్లాడుకుని చేశానా ఏంటి?" అనేసి, వాళ్ళ పిల్లల సంగతులు అడగడం మొదలుపెట్టేది. మంచం గురించి, ఆ గది గురించి, పైకప్పు చూస్తూ గడిచే రోజుల గురించి ఆవిడ సణగడం నేను వినలేదు. ఏడ్చిన సందర్భాలు ఉన్నాయి, దాచను. ఏడవడానికీ సణగడానికీ చాలా తేడా ఉంది. కీర్తనల గ్రంథం నిండా ఏడుపే కదా.

ఆవిడకి స్నానం చేయించి బట్టలు మార్చడానికి ఒక అమ్మాయి వచ్చేది. ఒకరోజు దుప్పటి మారుస్తూ ఆ అమ్మాయి, పడిపోయిన చేతిని చూసుకోకుండా లాగింది. అత్తయ్య గట్టిగా అరిచింది. ఆ వెంటనే, "నీకు చేతులున్నాయా, కర్రలున్నాయా? పని రాకపోతే ఎందుకొస్తావు?" అని కసిరింది. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనకుండా తడి దుప్పటి మడుచుకుని బయటికి వెళ్ళిపోయింది. మందులు తీస్తూ నేను అక్కడే ఉన్నాను. ప్రాణం పోయేంత నొప్పిలో ఎవరైనా అలాగే అంటారు అనిపించింది.

కాసేపటికి టక్ టక్ మని చప్పుడు. ఎడమచేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని మంచం పట్టీ మీద కొడుతోంది. మా ఇంట్లో అదే కాలింగ్ బెల్.

"ఆ పిల్లని పిలు."

"పోనివ్వండి అత్తయ్యా. నొప్పిలో అన్నారు. ఆ అమ్మాయేమీ అనుకోదు."

"అనుకోకపోవచ్చు. అన్నది నేను కదా. నొప్పి నా చేతికమ్మాయ్, నోటికి కాదు."

పిలిచాను. ఆ పిల్ల చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది, ఇంకో విడత తిట్లు ఉన్నాయేమో అన్నట్టు. అత్తయ్య చేతులు జోడించబోయింది. కుడిచెయ్యి లేవలేదు. ఎడమచేత్తో ఆ కుడిచేతి మణికట్టు పట్టుకుని, లాక్కుని, గుండెల మీద పెట్టుకుని, "తప్పుగా మాట్లాడాను తల్లీ. క్షమించు" అంది. "అయ్యో, అంత మాటనకండి అమ్మగారూ" అంటూ ఆ పిల్ల గబగబా వచ్చి దిండు సర్దింది. సర్దుతూ ఆ చేతిని ఈసారి ఎంత జాగ్రత్తగా పట్టుకుందో.

నన్ను ఆశ్చర్యపరిచింది అది కాదు. ఆ తర్వాత ఆవిడ హాయిగా నిద్రపోయింది. "నేనింత పాపిని, ఇన్నేళ్ళ విశ్వాసం ఏమైంది" అని రాత్రంతా కుమిలిపోలేదు. మర్నాడు పొద్దున ప్రార్థనలో "ప్రభువా, నా నోటికి కావలి ఉంచు" అని 141వ కీర్తన మాట ఒకటి కలిపింది, అంతే. ఆ మాట తర్వాత రోజుల్లోనూ చాలాసార్లు విన్నాను. ఆవిడ కోపం ఊరంతటికీ తెలిసిన కోపం, కోడలిగా నాకు ఇంకా బాగా తెలిసిన కోపం. ఆ కోపం మంచం మీద ఉన్న కాలంలోనే మెత్తబడింది. ఈ వయసులో ఇంకేం మారతాం అని అందరూ వదిలేసే వయసులో.

ఒకసారి అడిగాను. "మంచం గురించి ఒక్క మాటనరు, నోటి గురించి మాత్రం ఇంత పట్టింపేంటి అత్తయ్యా?" అని. "మంచం ఆయనిచ్చాడు. నోరు నేను పెంచుకున్నాను" అంది. జబ్బు దేవుడిచ్చేదా కాదా అన్న వాదనలోకి నేను పోను. కానీ ఏది ఒప్పుకోవాలో, దేనితో పోరాడాలో ఆవిడకి తెలిసినంత స్పష్టంగా వేదాంతం చదివిన చాలామందికి తెలియదు. ఇది మాత్రం గట్టిగా చెబుతాను.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొనియున్నాను" అన్నది ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం. ఫిలిప్పీ పట్టణంలోని సంఘానికి పౌలు సంకెళ్ళలో ఉండి రాసిన ఉత్తరం అది. ఎపఫ్రొదితు అనే సహోదరుడి చేత ఆ సంఘంవాళ్ళు పంపిన సాయం అందిందని కృతజ్ఞత చెబుతూ రాసిన మాటలవి. డబ్బు వచ్చినందుకు సంతోషించాడు, రాకపోయినా కుంగేవాణ్ణి కాదన్నాడు. "నేర్చుకొనియున్నాను" అంటున్నాడంటే ఆ తృప్తి కూడా పుట్టుకతో వచ్చింది కాదు, ఆయన ఎదుగుదలలో భాగమే. ఒక్క పేజీ వెనక్కి వెళ్ళండి. 3వ అధ్యాయంలో, సంపూర్ణ సిద్ధి పొందానని అనుకోవడం లేదంటూ, "నేను దేనినిమిత్తము క్రీస్తు యేసుచేత పట్టబడితినో దానిని పట్టుకొనవలెనని పరుగెత్తుచున్నాను" అన్నాడు. వరస చూడండి. ముందు పట్టబడ్డాడు, తర్వాత పరుగెత్తుతున్నాడు. అంగీకరించబడాలని పరుగెత్తేవాడికి విశ్రాంతి ఉండదు. అంగీకారం దొరికాక పరుగెత్తేవాడు పడినా లేస్తాడు, రాత్రి నిద్రపోతాడు. అత్తయ్య నిద్ర రహస్యం నాకు అక్కడే దొరికింది.

తిమోతికి రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం కూడా అంతే. అన్నవస్త్రాలుంటే చాలు, తృప్తిపడదాం అని 8వ వచనం. మూడు వచనాలు దాటగానే నీతిని, భక్తిని, విశ్వాసాన్ని, ప్రేమను, ఓర్పును, సాత్వికాన్ని సంపాదించుకోడానికి ప్రయాసపడమంటున్నాడు. దేనితో సరిపెట్టుకోవాలో, దేనికోసం చెమటోడ్చాలో ఒకే అధ్యాయంలో విడివిడిగా రాసిపెట్టాడు. మనం తలకిందులుగా చదువుకుంటున్నాం.

చరిత్రలో దీనికి, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లోనే ఉపవాసాలు, జైళ్ళకి వెళ్ళి ఖైదీలను చూడటం, గంటల లెక్కన క్రమశిక్షణ. 1735లో అమెరికాలోని జార్జియాకి మిషనరీగా ఓడెక్కాడు. దారిలో తుఫాను వచ్చింది. ఓడలో ఉన్న మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ విశ్వాసులు, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, నెమ్మదిగా కీర్తనలు పాడుకుంటూ ఉంటే, ఈయన చావుభయంతో వణికాడు. అంత సాధన చేసినా లోపల నెమ్మది లేదు. తిరిగొచ్చాక 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో, రోమా పత్రికకి సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా, క్రీస్తు తన పాపాలు, సాక్షాత్తు తన పాపాలే, తీసేశాడన్న నిశ్చయం కలిగింది. ఆ తర్వాత ఆయనేమైనా తగ్గాడా? 1791లో 87 ఏళ్ళ వయసులో చనిపోయేదాకా గుర్రం మీద, ముసలితనంలో బండిలో తిరుగుతూ ప్రకటిస్తూనే ఉన్నాడు. అంతకుముందు లేని నిశ్చయం తోడయ్యాక శ్రమ ఇంకా పెరిగింది. తృప్తి వస్తే మనిషి సోమరి అవుతాడని భయపడేవాళ్ళు ఇది ఆలోచించాలి.

అసలు ప్రశ్నకి కాస్త పక్కకి వెళ్తున్నాను, కానీ చెప్పకుండా ఉండలేను. మన సంఘాల్లో తృప్తి గురించిన ప్రసంగం ఎప్పుడూ లేనివాళ్ళకే ఎందుకు వినిపిస్తుంది? కూలి సరిగా ఇవ్వని యజమాని ముందు వరసలో కూర్చుంటాడు, ఆ కూలివాడికి "కలిగినవాటితో తృప్తిపొందుడి" అని చెబుతారు. భర్త కొడుతున్నాడని చెప్పుకున్న స్త్రీకి "సంతృప్తి నేర్చుకోమ్మా, సహించు" అంటారు. నా చెవులారా విన్నాను. ఇది వాక్యాన్ని దుర్వినియోగం చేయడమే. బిగపట్టిన కూలి దేవుని చెవుల దాకా మొరపెడుతుందని యాకోబు రాశాడు. తృప్తి గురించి రాసిన పౌలు ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 16లో చూడండి. అదే ఫిలిప్పీ పట్టణంలో, విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసి, మర్నాడు గుట్టుగా వెళ్ళిపొమ్మంటే ఆయన వెళ్ళలేదు. మేము రోమీయులం, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. న్యాయాధిపతులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. ముందటి రాత్రి అదే చెరసాలలో, కాళ్ళు కదలకుండా చెక్కబొండలో బిగించి ఉండగా, కీర్తనలు పాడిన మనిషే ఇతను. పాట పాడటానికీ న్యాయం అడగటానికీ ఆయనలో ఏ గొడవా లేదు.

ఇంకో బాధ, సాక్ష్యాల సమయం. ఇల్లు కట్టామని, ఉద్యోగం వచ్చిందని, కారు కొన్నామని చెబుతారు. దేవునికి స్తోత్రం, చెప్పాల్సిందే. కానీ "నా తమ్ముడితో మాటలు లేవు, ఈ వారం నేనే వెళ్ళి పలకరించాను" అని మైకు పట్టుకుని చెప్పినవాళ్ళు ఎంతమంది? మనం దేనికి చప్పట్లు కొడితే మన పిల్లలు దాని వెంట పడతారు. "నేను ధనవంతుడను, నాకేమియు కొదువలేదు" అనుకున్న, ప్రకటన గ్రంథంలో కనిపించే లవొదికయ సంఘాన్ని ప్రభువు దిక్కుమాలినదాని కింద లెక్కగట్టాడు. వాళ్ళకి తృప్తి లేకపోలేదు, ఉండకూడని చోట ఉంది.

మీ ప్రమోషన్ సంగతి. పెట్టండి అప్లికేషన్. దేవుడిచ్చిన సామర్థ్యాన్ని పదును పెట్టుకోవడం అసంతృప్తి ఎలా అవుతుంది? దాసుడిగా ఉండి పిలవబడ్డవాడికి కూడా, స్వతంత్రుడయ్యే వీలుంటే అది మరి మంచిదని కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో ఉంది. కాకపోతే అప్లికేషన్ పెట్టేముందే ఒక సంగతి తేల్చుకోండి. అది వేరేవాళ్ళకి వస్తే సోమవారం పొద్దున ఆఫీసులో వాళ్ళకి మనస్ఫూర్తిగా అభినందనలు చెప్పగలరా? చెప్పగలిగితే నిశ్చింతగా ప్రయత్నించండి. చెప్పలేననిపిస్తే, అప్పుడూ మానక్కర్లేదు, కానీ ఉద్యోగం కోసం చేసే ప్రార్థనకంటే ముందు ఆ మనసు కోసం ప్రార్థన చేయండి.

ప్రార్థన జీవితం గురించి బాధ ఉందన్నారు. ఆ బాధ ఉండనివ్వండి, అది చెడ్డది కాదు. నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులు అన్నాడు ప్రభువు. ఆకలి ఉన్నప్పుడే ధన్యులన్నాడు. కానీ ఆ బాధతో దేవుని దగ్గరికి వెళ్ళండి, దానివల్ల దూరంగా ఉండిపోకండి. ఏడాదిలో బైబిలు పూర్తిచేసే చార్టులో టిక్కులు తప్పాయని మొత్తానికే బైబిలు మూసేసినవాళ్ళను చూశాను. ఆ చార్టులమీద నాకు పెద్ద గౌరవం లేదు. పది అధ్యాయాలు పరుగెత్తించి చదివి ఇంట్లోవాళ్ళమీద అరిచేకంటే, ఒక కీర్తన చదివి అందులో ఒక్క మాట పట్టుకుని ఆ రోజంతా బతకడం మేలు.

ఈ వారంలో ఒకపూట ఫిలిప్పీ పత్రిక మొత్తం ఒకేసారి, పైకి చదవండి. నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. క్యాలెండర్ల మీద విడివిడిగా కనిపించే మాటలు ఒకదాని పక్కన ఒకటి ఎలా కూర్చున్నాయో అప్పుడు తెలుస్తుంది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాట పరీక్షలు, పోటీలు గెలవడం గురించి కాదని, కడుపు నిండినప్పుడూ ఆకలితో ఉన్నప్పుడూ నిలబడగలగడం గురించని కూడా అక్కడే కనిపిస్తుంది. 2వ అధ్యాయం 12, 13 వచనాల దగ్గర మాత్రం ఆగి రెండుసార్లు చదవండి. రక్షణను భయంతో, వణకుతో కొనసాగించుకోమంటూనే, మీలో కార్యసిద్ధి కలుగజేసేవాడు దేవుడే అంటాడక్కడ. మీరడిగిన ప్రశ్న మొత్తం ఆ రెండు వచనాల మధ్యలోనే ఉంది.